టైరు తాగిన మజ్జిగ

ఉప్మా దగ్గర మొదలైన వాదన చాయ్ దాకా వచ్చినా తెగలేదు. సైకిలుకు ట్యూబు వేయించమని భార్య మహేశ్వరి, వేయిస్తే దాని పరువేం కావాలని యూనివర్సిటీ లెక్చరరు దివాకర్. క్యాంపస్‌కు వచ్చి పోయిన జర్మనీ ప్రొఫెసరు అతనికి ఇచ్చిపోయిన సైకిలది. దానికి ట్యూబే ఉండదు. టైరే రిమ్ముకు అతుక్కుని గాలిని పట్టుకోవాలి. తార్నాకలో ఏ షాపువాడూ దాన్ని ముట్టనన్నాడు.

"ఇయ్యాల రీడర్ పోస్టు ఇంటర్వ్యూ పెట్టుకొని గీ పంచాయితీ ఏంది? ఆటోల పోరాదుండ్రి," అంది మహేశ్వరి.

"దీని మీదనే పోతా. చూస్తుండు."

రిమ్ము చుట్టూ సబ్బునీళ్లు రాసి పంపు కొట్టాడు. గాలి అంచుల్లోంచి బుసబుసా పోతోంది. ఒక్కసారిగా బలంగా తోస్తే తప్ప టైరు కుదురుకోదు. అప్పుడు అతని కన్ను, తండ్రి ఇన్నయ్య ఊరి నుంచి తెచ్చుకున్న, చేలకు మందు కొట్టే పంపు మీద పడింది. రైతుబిడ్డకు దాన్ని వాడటం ఒకరు నేర్పాలా? గొట్టాన్ని టైరుకు బిగించి, రెక్కలు నొప్పి పుట్టేదాకా గాలి కొట్టి, ఒక్కసారి వదిలాడు. టైరు ఠప్పున కూర్చుంది. కాస్త తడి చిమ్మింది గానీ, గెలిచినవాడికి తడి కనిపిస్తుందా? పంపు అడుగున, పెరటి మిరపమొక్కల ఆకుముడతకని వారం పులియబెట్టిన మజ్జిగ ఉందని చెప్పవలసిన ఇన్నయ్య అప్పుడు స్నానంలో ఉన్నాడు.

ఇంటర్వ్యూకు బయలుదేరిన కాసేపటికే ఎండకు టైరు వేడెక్కింది. మడ్‌గార్డు లేని చక్రం అంచుల్లోంచి ఊరిన మజ్జిగను అతని వీపు మీదికి చిమ్ముతూ పోయింది. తార్నాక కుక్కలు వెంటపడ్డాయి. క్యాంపస్ గేటు దగ్గర పిల్లలు పక్కకు తప్పుకుంటే, సైకిలుకు మర్యాద ఇస్తున్నారనుకున్నాడు.

ఇంటర్వ్యూ గదిలో ఫ్యాను తిరిగింది. ఛైర్మన్ ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణుడి టిఫిన్ డబ్బా వైపు చూశాడు. నిపుణుడు ఛైర్మన్ బూట్ల వైపు చూశాడు. పెద్దమనుషులు కదా, వాసన మాట ఎవరూ పైకి అనలేదు. ముందువాళ్లను గంటసేపు పిండినవాళ్లు, దివాకర్‌ను ఒక్కటే అడిగారు.

"ఎప్పుడు చేరగలరు?"

అడిగినాయన అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

ఎంపికైనట్టు సాయంత్రానికే కబురు వచ్చింది. తన పేరు వినగానే ప్రశ్నలు అక్కర్లేదనుకున్నారని దివాకర్ అన్నం దగ్గర చెప్పుకున్నాడు.

"అదంత సరే గని, నా చెట్ల మజ్జిగ ఏమైందిరా?" అన్నాడు ఇన్నయ్య.

దివాకర్ ముద్ద చేతిలోనే ఆగింది. మహేశ్వరి బకెట్లో నానుతున్న చొక్కాను చూసింది, గోడకానించిన సైకిలును చూసింది. నెమ్మదిగా అందరికీ వినబడేలా చెప్పింది.

"ట్యూబు వద్దు. ఇగ మీ ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూ గూడ అయ్యేదాక అట్లనే ఉండనీ."

ఆ పూట అన్నంలోకి పోగా మిగిలిన మజ్జిగను ఇన్నయ్య పులియడానికి పక్కన పెట్టి, ఎవరినీ ముట్టనివ్వలేదు.