పొడుగుదానికీ పొట్టిదానికీ ఒకటే సైలెన్సర్

ఆ ఉదయం నిసార్ అహ్మద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అర్బాబ్ ఖల్ఫాన్ రెండో కప్పు కాఫీ తాగేలోపు ఫ్యామిలీ వీసా కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. అది పట్టుకుని పదింటి బస్సుకు మస్కట్ పోవాలి. కడపలో భార్య రషీదున్నీసా నాలుగేళ్ళుగా ఆ సంతకం కోసమే ఎదురుచూస్తోంది. ఈమధ్య ఆమె ఉత్తరాల్లో క్షేమసమాచారాలు తగ్గి ప్రశ్నలు పెరిగాయి.

ఒమాన్‌లోని అల్ సువైక్‌లో అర్బాబ్‌కు, అంటే యజమానికి, పెద్ద ఖర్జూరపు తోట ఉంది. నిసార్ అక్కడ గుమాస్తా. ఉత్తరాలు, కాగితాలు, ఇంగ్లీషు, ఇవీ అతని డ్యూటీ. ఆ తోటకు కాకుల బెడద ఎక్కువ. అర్బాబ్ రోజూ లైసెన్సున్న చిన్న టూటూ రైఫిల్‌తో, అంటే పాయింట్ ట్వెంటీ టూ తుపాకీతో, వాటిని కాల్చేవాడు. శుక్రవారాల్లో బావమరిదితో కలిసి, అదే గుండు పట్టే పిస్టల్‌తో ఖాళీ డబ్బాలు కొట్టేవాడు. చిక్కల్లా చప్పుడుతోనే. తుపాకీ పేలినప్పుడల్లా పందెపు ఒంటె కట్టుకొయ్య చుట్టూ గింగిరాలు తిరిగేది. మధ్యాహ్నం కునుకు తీసే అర్బాబ్ తల్లి ఉలిక్కిపడి లేచి, కొడుకును పక్కతోట దాకా వినిపించేలా తిట్టేది.

అందుకే ఆ ఉదయం అర్బాబ్ కలం ముట్టుకోలేదు. ఇంగ్లండు నుంచి తెప్పించిన ఒక కేటలాగ్ నిసార్ చేతిలో పెట్టాడు. తుపాకీ మూతికి బిగించే సైలెన్సర్లు అందులో ఐదు రకాలున్నాయి. పోలీసులు ఒక్కదానికే అనుమతి ఇచ్చారు.

"రైఫిల్‌కూ పిస్టల్‌కూ ఒకటే సరిపోవాలి. ఏది మంచిదో సాయంత్రానికి చెప్పు. దాని ఆర్డరు మీదా, నీ కాగితం మీదా ఒకేసారి సంతకం పెడతా" అన్నాడు. తుపాకీ మాట బజారులో ఎత్తవద్దనీ, ఎత్తితే అరువు అడగడానికి చుట్టాలంతా వాకిట్లో నిలబడతారనీ హెచ్చరించాడు.

నాకు తెలియదు అనే వీలు నిసార్‌కు లేదు. ఉద్యోగంలో చేరిన రోజున, మా తాత పాలకొండల్లో పేరుమోసిన షికారీ అని అర్బాబ్‌తో చెప్పి ఉన్నాడు. తాత నిజానికి బీడీలు చుట్టేవాడు.

గదికి పోయి కేటలాగ్ తెరిచాడు. ఐదు బొమ్మలూ టార్చిలైట్లలాగే ఉన్నాయి. ఒకటి మొత్తం ఉక్కు, ఒకటి లావుపాటిది, ఒకటి విప్పడానికి వచ్చే సన్నటి అల్యూమినియంది, రెండు అతుకు వేసి మూసేసినవి. అన్నిటి మీదా 'రిమ్‌ఫైర్' అని రాసి ఉంది. రిమ్ అంటే చక్రానిదని నిసార్‌కు తెలుసు, ఫైర్ అంటే మంట అనీ తెలుసు. చక్రానికి మంటెందుకు అంటుకుంటుందో, దానికీ కాకులకూ ఏం సంబంధమో గంటసేపు ఆలోచించినా తేలలేదు. చివరికి అతనికి వీరబ్రహ్మం గుర్తొచ్చాడు. వీరబ్రహ్మానిది బద్వేలు. బజారులో బండ్ల గ్యారేజీ నడుపుతున్నాడు, లేతు మిషను కూడా ఉంది. రోజుకు పది సైలెన్సర్లు విప్పి బిగించే మనిషి. ఏ చప్పుడైనా చప్పుడే కదా, అణిచే కిటుకు ఒకటే అయి ఉంటుందని నిసార్ తనకు తాను నచ్చజెప్పుకుని గ్యారేజీకి నడిచాడు.

"బ్రహ్మమన్నా, మా అర్బాబుకు ఒక సైలెన్సర్ కావల్ల. పొడుగుదానికీ పొట్టిదానికీ ఒకటే సరిపోవల్ల" అన్నాడు.

అర్బాబ్ వాకిట్లో పొడుగాటి పికప్పు, పొట్టి జీపు నిలబడి ఉండటం వీరబ్రహ్మం రోజూ చూస్తున్నదే. "రెండిటికీ మార్చి మార్చి తగిలిస్తాడా?" అని అడిగాడు.

"అవునన్నా. చేత్తోనే తిప్పి పెట్టల్ల, చేత్తోనే తిప్పి తీయల్ల."

"సైజు?"

"ట్వెంటీ టూ."

వీరబ్రహ్మం సుద్దముక్కతో తలుపు మీద 'ఇరవై రెండు అంగుళాలు' అని రాసుకున్నాడు. నిసార్‌కు అది కనబడలేదు, వీరబ్రహ్మం చెప్పబోయేది రాసుకోవడానికి జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు.

"చూడు నిసారూ, అతుకేసి మూసేసింది మాత్రం తీసుకోగాకు. లోపల మసి గట్టిపడి మూసుకపోతాది. విప్పి కడుక్కునేదైతే పదేండ్లుంటాది. లావుది వద్దు, అడ్డం తగుల్తాది. బరువుది అసలే వద్దు, పొట్టిదాన్ని కిందికి లాగుతాది."

నిసార్ ప్రతి ముక్కా రాసుకున్నాడు. కేటలాగ్‌లో మూడో బొమ్మ ఈ లక్షణాలన్నిటికీ అచ్చంగా సరిపోయింది. అతను సంతోషంగా వెళ్ళిపోయాడు. వీరబ్రహ్మం అంతకంటే సంతోషంగా లేతు దగ్గరికి వెళ్ళాడు. చేత్తో తిప్పి తీసే సైలెన్సర్ కావాలని ఇరవై ఏళ్ళ సర్వీసులో అతన్ని అడిగినవాడు లేడు. ఆర్డరు ఇచ్చారా లేదా అన్న అనుమానం కూడా అతనికి రాలేదు.

నాలుగింటికి నిసార్ అతిథులు కూర్చునే మజ్లిస్‌లో కూర్చుని మూడో బొమ్మ మీద వేలు పెట్టాడు. టూటూ గుండ్లు మసి ఎక్కువ వదులుతాయనీ, విప్పి కడుక్కునేదే మేలనీ, లావుదైతే గురికి అడ్డం వస్తుందనీ, బరువుదైతే పిస్టల్ మూతిని కుంగదీస్తుందనీ చెప్పాడు. అర్బాబ్ ముఖం వెలిగిపోయింది. సైన్యంలో ఉన్న తన అన్న కూడా ఇదే చెప్పాడనీ, నిసార్ ఒంట్లో తాత రక్తం ఉందనీ మెచ్చుకున్నాడు. ఆర్డరు మీద సంతకం చేసి, వీసా కాగితం ముందుకు లాక్కుని కలం ఆనించాడు.

అప్పుడే వాకిట్లో ఫిరంగులు పేలినట్టు మోత మొదలైంది.

వీరబ్రహ్మం తన ఇరవై రెండు అంగుళాల గొట్టంతో వచ్చి, ఎవరినీ నిద్ర లేపడం ఎందుకని, పికప్పు పాత సైలెన్సర్ విప్పేశాడు. కొత్తది బిగించే ముందు తేడా తెలియాలి కదా అని ఇంజను ఒట్టిగా నడిపి చూశాడు. ఆ మోతకు ఒంటె కట్టుకొయ్యతో సహా లేచిపోయింది. పోతూ పోతూ దండెం మీది దుప్పట్లను మెడకేసుకుపోయింది.

వంటమనిషి పెంచలమ్మ రాజంపేట మనిషి. ఎవరో ఇంటి మీద పడ్డారనుకుని, ఉలిక్కిపడి లేచిన ముసలమ్మను నడిపించుకుపోయి ఖర్జూరాల గిడ్డంగిలో పెట్టి తాళం వేసింది. బయటికి రాగానే తాను ఉతికిన దుప్పట్లు తోటకు అడ్డంపడి పోవడం కనిపించింది. తాళంచెవి కొంగున కట్టుకుని వాటి వెనక పరుగు తీసింది.

పక్కతోట వాళ్ళు తుపాకుల మోత అనుకుని ఫోన్ చేశారు. పోలీసు జీపు వచ్చింది. ఆఫీసర్ మొదట ఎదురుపడిన నిసార్‌ను, ఇక్కడేం జరుగుతోందని అడిగాడు.

నిసార్ చేతులు కట్టుకున్నాడు. "సైలెన్సర్ సార్. ఎవరికీ వినబడకుండా ఉండాలని" అన్నాడు.

ఆఫీసర్ పుస్తకం తీసి, దేనికి బిగిస్తున్నారని అడిగాడు. పొడుగుదానికీ పొట్టిదానికీ అన్నాడు నిసార్. వీరబ్రహ్మం తన గొట్టాన్ని గర్వంగా పైకెత్తి చూపించాడు. అంత గొట్టం పట్టే పిస్టల్ ఎంత ఉంటుందోనని ఆఫీసర్ కొంచెంసేపు లోలోపల కొలుచుకున్నట్టు కనిపించింది. అర్బాబ్ అనుమతి కాగితం తెచ్చి, కేటలాగ్ తెరిచి, పికప్పు కింద పాకి చూపించి, ఇదంతా వివరించేసరికి పొద్దు వాలింది.

పోలీసులు వెళ్ళాక అర్బాబ్ తన తల్లి ఎక్కడని అడిగాడు. ఎవరికీ తెలియదు. ఇల్లంతా వెతికారు. పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళకు పెంచలమ్మ రెండు దుప్పట్లతో తిరిగొచ్చింది. ఒంటె సముద్రపు ఒడ్డున ఉందని చెప్పి, కొంగున తాళంచెవి చూసుకుని నాలుక కరుచుకుంది. తలుపు తీయగానే ముసలమ్మ బస్తా మీద నుంచి నెమ్మదిగా లేచింది. యుద్ధం అయిపోయిందా, ఎవరు గెలిచారని కొడుకును అడిగింది.

అర్బాబ్ నిసార్ వైపు చూశాడు. సంతకం లేని వీసా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఆ గొట్టం రానీ. పనిచేస్తే సంతకం. లేకపోతే నువ్వే కడపకు పో" అన్నాడు.

రెండు నెలల పాటు నిసార్ ఇంటికి ఉత్తరం రాయలేదు. రాయడానికి ఏమీ దొరకలేదు. ఆగస్టులో పార్సిల్ వచ్చింది. చెట్ల మీద పళ్ళు పండి వేలాడుతున్నాయి, పళ్ళ మీద కాకులు. అర్బాబ్ తానే సైలెన్సర్ రైఫిల్‌కు బిగించి, గెల మీద కూర్చున్న కాకికి గురిపెట్టాడు. నిసార్ కళ్ళు మూసుకున్నాడు.

'టప్' మంది. అంతే. ఒంటె నెమరు ఆపలేదు. లోపల ముసలమ్మ గురక ఆగలేదు. నిసార్ కళ్ళు తెరిచి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. కానీ కాకి కూడా కదలలేదు. అర్బాబ్ మళ్ళీ కాల్చాడు. పది గుండ్లు పోయాయి. నాలుగడుగులు ముందుకు జరిగి మరో పది కాల్చాడు. సైలెన్సర్ మార్చి పిస్టల్‌తో కాల్చాడు. కాకి పండు తింటూనే ఉంది.

ఇన్నాళ్ళూ మోతకు కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి, చచ్చినవి గోడ అవతల పడ్డాయని అర్బాబ్ చెప్పేవాడు. గోడ అవతలికి పోయి చూసినవాడు లేడు. ఈ సంగతి నిసార్‌కు నిదానంగా తలకెక్కింది. అది తలకెక్కడం అర్బాబ్ అతని ముఖంలో చూశాడు.

తర్వాత అర్బాబ్ జేబులోంచి మడతల కాగితం తీసి, నిసార్ వీపు మీదే ఆనించి సంతకం చేశాడు. "మా బావమరిది అడిగితే ఏం చెప్తావ్?" అన్నాడు.

"పన్నెండు కాకులు అర్బాబ్" అన్నాడు నిసార్.

సైలెన్సర్ నిజంగా మంచిదే, ఆ పంట అయిపోయేదాకా తోటలో ఎవరూ కిక్కురుమనలేదు.