మా ల్యాబు తాళమూ, అమల వెబ్‌సైటూ

దేశంలో కంప్యూటర్ విద్య బాగుపడాలంటే చేయవలసిన పని ఒక్కటే. కంప్యూటర్లను విద్యార్థుల చేతికి అందకుండా పెట్టాలి!

నవ్వకండి. నోటికొచ్చింది అనే మనిషిని కాను. నా పేరు రాజలింగం. తార్నాక అవతల ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో, దాని పేరు మీకెందుకు లెండి, పదకొండేళ్లుగా కంప్యూటర్ ల్యాబుకు ఇన్‌చార్జిని. ఆదివారాలు ఇలా కాలమ్ రాసుకుంటాను, మిగతా రోజులు తాళాలు చూసుకుంటాను. ఈ పదకొండేళ్లలో నా ల్యాబులో ఒక్క కంప్యూటర్ కూడా చెడిపోలేదు. ఎలా చెడిపోతుంది? ఆన్ చేస్తే కదా!

మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ల్యాబు తెరిచే వేళలని బోర్డు మీద ఉంటుంది. తెరవగానే వచ్చి కూర్చోవడానికి అదేమైనా ఇరానీ హోటలా? చెప్పులు బయట విప్పాలి. ఏసీ వేసి గది చల్లబడేదాకా ఆగాలి. యంత్రాల మీద మా ఆవిడ కుట్టిన పూలపూల కవర్లు ఉంటాయి, వాటిని తీసి నలగకుండా మడత పెట్టాలి. మూడున్నరకు మళ్లీ కప్పడం మొదలుపెట్టాలి, లేకపోతే నా బస్సు పోతుంది. ఈ మధ్యలో కరెంటు ఉంటే, ఆ రోజు నేను సెలవులో లేకపోతే, విద్యార్థి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ముప్పై మందికి పది యంత్రాలు. నిజానికి పన్నెండు ఉన్నాయి గానీ, రెండింటిని అట్టపెట్టెల్లోంచి తీయలేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వస్తే కొత్తవి చూపించవద్దా?

దీనివల్ల విద్యార్థులకు నష్టం అని పత్రికలకు ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. అలాంటి వాళ్ల నోరు మూయించడానికే ఒక చరిత్ర చెబుతాను. మా తాళం పుణ్యమా అని ఒక వెబ్‌సైటు పుట్టింది!

అది 1997 ఆరంభం. ఎంసీఏ మొదటి సంవత్సరంలో అమల అనే అమ్మాయి ఉండేది. వారాసిగూడలో ఒక గది అద్దెకు తీసుకుని తల్లీకూతుళ్లు ఉంటారు. తల్లి ఉప్పలమ్మ నల్లకుంట మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతుంది. క్లాసులో ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే పాఠం నడుస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్ లోపల కూర్చుని దాన్ని నడిపించే ప్రోగ్రాం. డాస్, విండోస్, యూనిక్స్, కొత్తగా లినక్స్, ఇలా రకాలు. ఈ పాఠాన్ని మేం బోర్డు మీద చెబుతాం. సుద్దముక్కతో ఒక పెట్టె గీసి ఇది మానిటర్ అంటాం, చిన్నది గీసి ఇది మౌస్ అంటాం. ఆ అమ్మాయి లేచి, "సార్, వీటిల్ల ఏది మంచిది?" అని అడిగింది. లెక్చరర్ గారు సిలబస్‌లో లేదన్నారు. చూశారా! ల్యాబు తెరిచి ఉంటే వెళ్లి చూసుకుని ఊరుకునేది. తాళం ఉంది కాబట్టే ప్రశ్న బతికి బయటపడింది.

తార్నాక చౌరస్తా పక్క సందులో రాంచందర్ అనే అతనికి చిన్న షాపు ఉంది. పెళ్లి కార్డులు, బయోడేటాలు కంపోజ్ చేస్తాడు. ఒకటే కంప్యూటర్, ఫోన్ లైను మీద కీచుకీచుమంటూ కలిసే ఇంటర్నెట్. షాపు తెరవకముందు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు అమలను కూర్చోనిచ్చేవాడు. బదులుగా ఆమె అతని పెళ్లి కార్డుల్లో అచ్చుతప్పులు దిద్దాలి. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలు అడిగి తెచ్చుకుని, ఒక సిస్టమ్ ఎక్కించడం, వాడి చూడడం, చెరిపేసి ఇంకొకటి ఎక్కించడం, ఇదీ ఆమె పని. ఒకసారి నేను లెటర్‌హెడ్ చేయించుకోవడానికి వెళితే రాంచందర్ తన గోడు చెప్పుకున్నాడు.

"ఏం చెప్పాలె సార్, రోజు పొద్దుగాల్నే వచ్చి మిషన్ మొత్తం తుడిచేస్తది. ఎనిమిదింటికల్లా మళ్ల ఎట్లున్నదట్ల చేసి పోతది. నేనైతే పెళ్లి కార్డులన్ని ఫ్లాపీల దాచుకున్న."

అలా చూసినవన్నీ ఒక పట్టికగా రాసి, ఎక్కడో విదేశంలో ఉచితంగా చోటిచ్చేవాళ్ల దగ్గర వెబ్‌సైటుగా పెట్టింది. పేరు 'ఏది మేలు'. పైన సిస్టమ్‌ల పేర్లు, పక్కన ప్రశ్నలు. ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది? పాత కంప్యూటర్‌లో నడుస్తుందా? నేర్చుకోవడానికి ఎన్నాళ్లు? తాను స్వయంగా చూడని గడిలో 'చూడలేదు' అని రాసింది. అలాంటి గడులు పట్టికలో సగం ఉండేవి. మొదటి నెల పదకొండు సార్లు చూశారని సైటు లెక్క చూపించింది, అందులో తొమ్మిది సార్లు రాంచందరే.

ఆ పట్టికలో ఒక వరుస మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 'నడుస్తుండగా కరెంటు పోతే ఏమవుతుంది?' తార్నాకలో రోజూ పొద్దున ఆరున్నరకు కోత. ఏ సిస్టమ్ మళ్లీ తేరుకుంటుంది, ఏది ఫైళ్లు మింగేస్తుంది అన్నది ఆమె కావాలని పరీక్షించినది కాదు, ఏరోజుకారోజు తెలిసొచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ వరుస కోసమే ఎక్కడెక్కడి వాళ్లో ఆ సైటుకు రావడం మొదలుపెట్టారు. ఒక విదేశీ ప్రొఫెసర్ గారైతే సైటు అడుగున ఉన్న చిరునామా చూసి మా డిపార్ట్‌మెంటుకు ఉత్తరమే రాశారు. ప్రతిరోజూ ఒకే సమయానికి విద్యుత్తు ఆపి ఇంత క్రమశిక్షణతో పరీక్షలు జరిపే ల్యాబు తమ దేశంలో లేదట!

ఆ ఉత్తరంతో మా హెడ్ అచ్యుతరామయ్య గారికి ఈ వెబ్‌సైటు సంగతి తెలిసింది. అమలను పిలిపించారు.

"ఇది డిపార్ట్‌మెంట్ వెబ్‌సైటమ్మా. టైపు చేసింది నువ్వు, బాగానే చేశావు. కానీ ఈ 'చూడలేదు' ఏమిటి? మన పరువేం కాను? ఏదో ఒకటి నింపెయ్."

"చూడంది ఎట్ల రాస్త సార్?" అన్నది అమల.

ఆయన ఉదారంగా నవ్వి ఆ విషయం వదిలేశారు. పేజీ పైన మాత్రం మార్పులు జరిగాయి. మార్గదర్శకులు, అచ్యుతరామయ్య గారు. సాంకేతిక పర్యవేక్షణ, మీ విధేయుడు రాజలింగం. అమల పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది, పేజీ పొడుగైందని తర్వాత తీయించారు. డిపార్ట్‌మెంటుకు పన్నెండు కొత్త యంత్రాలు కొనవలసి వస్తే, ఏ సిస్టమ్ ఉన్నవి కొనాలో ఆ పట్టిక చూసే నిర్ణయించాం. అవి వచ్చాయి. కవర్లు కుట్టించాం, తాళం వేశాం. విద్యార్థిని చేసిన పరిశోధనను ఇంత గౌరవించిన సంస్థ ఇంకొకటి చూపించండి!

మరి ఆమెకేం దక్కింది అంటారా? దక్కకేం! హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థ వాళ్లు, ఆమె పేరు తీయకముందే వెబ్‌సైటు చూసి, కబురు పెట్టారు. కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం. 1999 జూన్ పదిహేను లోపల ఎంసీఏ పాసైనట్టు కాగితం తెస్తే చాలన్నారు. ఉప్పలమ్మ ఆ సంగతి నల్లకుంట మార్కెట్ మొత్తానికి చెప్పుకున్నది. ఇక మిగిలింది ఒక్క ప్రాక్టికల్ పరీక్ష.

ఆ పరీక్షకు కూర్చోవాలంటే చివరి సంవత్సరంలో మా ల్యాబులో అరవై గంటలు పనిచేసినట్టు రిజిస్టరులో ఉండాలి. పక్కన ఇన్‌చార్జి సంతకం ఉండాలి. రాంచందర్ షాపులో గడిచిన పొద్దులు లెక్కలోకి రావు, అక్కడ నా తాళం లేదు కాబట్టి. ఆ ఏడాది మా ల్యాబు మొత్తం కలిపి తెరిచి ఉన్నది ముప్పై ఎనిమిది గంటలు. మరి ఒక్కొక్కరికి అరవై ఎక్కడివి? మా పద్ధతి గొప్పదనమంతా ఇక్కడే ఉంది! మార్చి ఆఖరులో ఒకరోజు అందరినీ పిలుస్తాం. బల్ల మీద రిజిస్టరు, దాని మీద ఒక పెన్ను. ఎవరి పేరు పక్కన వాళ్లు అరవై అని వేసుకుంటారు. మరీ అందరికీ ఒకటే ఉంటే బాగుండదని కొందరు అరవై రెండు వేస్తారు. నేను సంతకాలు పెడతాను. మధ్యలో టీ వస్తుంది. ఏడాది చదువు గంటలో అయిపోతుంది.

అమల వంతు వచ్చింది. తన నోటుపుస్తకం తీసి చూసుకుని, పదకొండు గంటల ఇరవై నిమిషాలు అని రాసింది.

"ఇదేందమ్మా?" అన్నాను.

"నేను కూసున్నది గంతే సార్. ఎప్పటిదప్పుడు రాసి పెట్టుకున్న."

"అందరు అరవై ఏసిన్రు గద. నువ్వు గూడ ఏసెయ్. ఎవరడుగుతరు?"

"ఎవరు అడగరు సార్. గాడ సైట్ల నా పట్టిక గూడ ఎవరు అడగకుండనే నమ్ముతున్నరు. గాడ ఒక తీరు, గీడ ఒక తీరు రాయ బుద్ధైతలేదు."

రిజిస్టరు పట్టుకుని హెడ్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చూసి కంగారుపడ్డారు. ఆమెకు పదకొండైతే మిగతావాళ్లకు అరవై ఎలా వచ్చాయని రేపు ఎవరైనా అడగరూ? దిద్దమని మెల్లగా చెప్పి చూశారు, గట్టిగా చెప్పి చూశారు. ఆమె దిద్దలేదు. "అయితే రూలు ప్రకారం పొండి" అన్నారు నాతో. రూలు ప్రకారం పదకొండు అరవై కంటే తక్కువ. ఇందులో మేం చేసిందేముంది చెప్పండి?

పరీక్ష రోజున బయటి నుంచి ఎగ్జామినర్ గారు వచ్చారు. ఏం అడగాలో సూచనగా ఉంటుందని హెడ్ గారు 'ఏది మేలు' ప్రింటు తీయించి ఆయనకిచ్చారు. ఆయన అందులోంచే ప్రశ్నలడిగారు. అమల వరండాలో, చెప్పులు విప్పే చోట బెంచీ మీద కూర్చుంది. లోపలి నుంచి వచ్చినవాళ్లు తమకేం ప్రశ్న వచ్చిందో చెబుతుంటే, లోపలికి పోబోయేవాళ్లకు జవాబులు చెప్పి పంపింది. ఇరవై తొమ్మిది మందీ పాసయ్యారు. మా డిపార్ట్‌మెంటు చరిత్రలో అంత మంచి ఫలితం ఎన్నడూ లేదు.

వారం తర్వాత ఉప్పలమ్మ నన్ను వెతుక్కుంటూ ల్యాబుకు వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"సార్, మా పిల్ల ఏం తప్పు రాసింది?"

"తప్పేం రాయలేదమ్మా."

"మరి పరీక్షకెందుకు కూసోనియ్యలే?"

రూలంతా వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అంటే అందరి తీరుగ అబద్ధం రాస్తే కూసోనిస్తుంటిరా?"

"కూసోనిస్తుంటిమమ్మా."

"చదువు చెప్పేటోళ్లు గద సార్ మీరు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ పూట నేను అన్నం సరిగా తినలేకపోయాను. ఎండల వల్ల కావచ్చు.

అయినా నా వాదన వాదనే. లెక్క వేసి చూశాను. ఇదే వేగంతో అమల మిగతా నలభై ఎనిమిది గంటల నలభై నిమిషాలు పూర్తి చేయడానికి నాలుగేళ్ల పైచిలుకు పడుతుంది. అప్పటికీ మా యంత్రాలు కొత్తవిగానే ఉంటాయి, పూచీ నాది. హబ్సిగూడ వాళ్లు మాత్రం అన్నాళ్లు ఆగలేదు. జూన్‌లో ఆ ఉద్యోగం ఆమె క్లాసువాడికే ఇచ్చారు. అరవై రెండు వేసుకున్నవాళ్లలో ఒకడు.

ఏడాది ముగిశాక రిజిస్టరు ఆఫీసుకు పంపాలి. పంపేముందు నిన్న ఒకసారి తెరిచాను. ముప్పై వరుసలు. ఇరవై తొమ్మిదింటి పక్కన నా సంతకం గుండ్రంగా పడింది. పాఠక మహాశయులారా, నాకు సిగ్గేసింది. ఆ పేజీ మొత్తంలో నిజంగా జరిగినది పదకొండు గంటల ఇరవై నిమిషాలే. దాని పక్కన నా సంతకం లేదు.