సాయంత్రానికి లేపాలి

ఆ సాయంత్రం దుర్గాప్రసాద్ గారమ్మాయి పెళ్ళి. చిలకలూరిపేటలో మైకుసెట్టు నడిపే అంకారావు పొద్దున్నే బాక్సులు ఆటోకెక్కించి, మధ్యాహ్నానికల్లా కల్యాణమండపంలో బిగించేసి, కాసేపు కునుకు తీద్దామనుకున్నాడు. కిందటి రెండు పెళ్ళిళ్ళలోనూ సరిగ్గా తాళి కట్టే సమయానికే అతని మైకు మూగబోయింది. ఇదీ చెడితే ఊళ్ళో ఇక పిలిచేవాడుండడు, జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మొయ్యాల్సిందే. అందుకే ఎక్కించేముందు ఒకసారి వాయించి చూశాడు.

పెద్ద బాస్ బాక్సు గరగరమంది. తరవాత అదీ లేదు. ఆ బాక్సుకి అతను ముద్దుగా పెట్టుకున్న పేరు పెద్దాయన. మొన్న తిరునాళ్ళలో ప్రభ బండి మీద ఆంప్లిఫయర్ చివరికంటా తిప్పి వాయించిన పాపం ఇప్పుడు పండింది. మీటరు తీగలు ఆనిస్తే ముల్లు కదల్లేదు. కోను మీద వేళ్ళతో మెల్లగా నొక్కితే లోపల కాయిల్ గీసుకుంటోంది. అంకారావు ఏడుపు గొంతుతో మెకానిక్ సుభానీకి ఫోన్ చేశాడు.

"పెద్దాయన పోయాడు సుభానీ. నిన్నటిదాకా బాగానే ఉన్నాడు. పొద్దున గరగరమని గొంతు ఆగిపోయింది. గుండె మీద నొక్కినా లాభం లేదు. ఎట్లాగైనా సాయంత్రానికి లేపాలి."

పక్కింటి మాణిక్యమ్మ గోడవతల నుంచి అంతా విన్నది. ఆ వీధిలో పెద్దాయనంటే అంకారావు నాన్న కోటయ్యే. పోయినవాణ్ణి సాయంత్రానికి లేపడమంటే పాడె కట్టడమే. ఆవిడ చేతిలో చేట కింద పెట్టి ఫోన్ అందుకుంది. కోటయ్య మాత్రం తెల్లవారకముందే కల్లంలో మిరపకాయలు తిరగెయ్యడానికి వెళ్ళాడు.

సుభానీ కొట్టులో బాక్సు విప్పారు. "కాయిల్ మాడి మసైపోయిందన్నా. కొత్తది వేసి కోను అతికిస్తా. గమ్ము ఆరేదాకా కదిలించొద్దు," అన్నాడు సుభానీ. అంతలో అంకారావు భార్య రాజేశ్వరి ఫోన్ చేసింది.

"ఏవండీ, మీ మేనత్త చీరాల నుంచి దండ పట్టుకుని దిగింది. మావయ్యగారు ఎక్కడని అడిగితే కల్లంలో ఉన్నారన్నాను. అప్పుడే వల్లకాటికి తీసుకెళ్ళిపోయారా అని కూలబడి ఏడుస్తోంది."

ఆ ఫోన్ పెట్టగానే దుర్గాప్రసాద్ గారు. "మైలలో ఉన్నావు, పెళ్ళిపందిట్లోకి రావొద్దు అంకారావూ. వేరేవాళ్ళని చూసుకుంటాం."

"మా నాన్న బతికే ఉన్నాడండి."

"బాధలో అట్లాగే అనిపిస్తుందిలే."

అంకారావుకి ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ ఓదార్చారు. బండి మీద కల్లానికి పోయి, సంగతి చెప్పి, దుర్గాప్రసాద్ గారికి ఫోన్ కలిపి తండ్రి చేతికిచ్చాడు. కోటయ్య నెమ్మదిగానే మాట్లాడాడు. "నేనేనయ్యా పోయింది. మావాణ్ణి ఎందుకు రావొద్దంటున్నావు?"

అవతల ఫోన్ కట్టయింది. ఇక చేసేదిలేక తండ్రిని బండెక్కించుకుని మండపానికి తీసుకెళ్ళాడు.

దుర్గాప్రసాద్ గారు ముందు రెండడుగులు వెనక్కి వేశారు. తేరుకున్నాక దిగులుగా అన్నారు. "నేను నమ్మాను కోటయ్యగారూ. వచ్చే చుట్టాలు నమ్మొద్దూ? మైల మనిషి మైకు పెట్టాడంటే భోజనం ముట్టరు."

"నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టు. అడిగినోళ్ళకి నేనే చెప్పుకుంటా," అన్నాడు కోటయ్య.

సాయంత్రానికి గమ్ము ఆరింది. తాళి కట్టే సమయంలో మంత్రాలు వంటశాల దాకా ఖణీమని వినిపించాయి. వినే నాథుడు లేడు. జనమంతా గేటు దగ్గరే కోటయ్య చెయ్యి పట్టుకుని, వెచ్చగా ఉందో లేదో చూసి, చావు గండం గడిచిన మనిషి ఎదురొచ్చాడు, మంచి శకునమని మురిసిపోతున్నారు.

మర్నాడు మరో పెళ్ళివారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అంకారావు ప్రాణం లేచొచ్చింది. కుర్చీలు వేసి, ఏ బాక్సులు కావాలని అడిగాడు.

కోటయ్య గారు గేటు దగ్గర కూర్చుంటే చాలు, మైకు లేకపోయినా పర్వాలేదన్నారు.