అల్లుడుగారు దించిన కారు

ఆ ఆదివారం పొద్దున చరణ్‌తేజ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను వేళకల్లా మావగారి కారును రెండు వేళ్ళ మందాన కిందికి దించాలి. నాలుగు ఫొటోలు తీసుకోవాలి. ఆయనకు అప్పగించే లోపల మళ్ళీ పైకి లేపెయ్యాలి. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసే అతనికి కార్ల గురించి తెలిసిందంతా ఫోనులో చూసిన వీడియోలే. వాటిల్లో కుర్రాళ్ళు పాత కార్లకు పొట్టి స్ప్రింగులు బిగించి, నేలకు ఆనీ ఆననట్టు పోనిస్తుంటే చూసి కడుపు నింపుకునేవాడు. చవగ్గా దొరికాయని తనూ ఒక సెట్టు తెప్పించి మంచం కింద దాచాడు.

మావగారు హనుమంతరావుగారిది పెంటపాడు. వరి పండించే మనిషి. ఆ పాత కారును భుజం మీది తువ్వాలుతో తనే తుడుచుకుంటారు, ఇంకొకళ్ళను స్టీరింగు ముట్టుకోనివ్వరు. అలాంటి మనిషి, వాకిలంతా ధాన్యం ఆరబోసుకోవడంతో కారుకు చోటు లేక, అల్లుడింట్లో పెట్టి తాళాలు చేతికిచ్చారు. "మీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే బాబూ" అన్నారు. పెళ్ళయ్యాక మావగారు అతణ్ణి నమ్మి ఒక వస్తువు అప్పగించడం అదే మొదలు. ఆ మాట చరణ్‌తేజకు గుర్తొస్తూనే ఉంది. అయినా జాకీ తిప్పుతూనే ఉన్నాడు.

"ఏవండీ, నాన్నగారికి చెప్పారా?" గుమ్మంలో నిలబడి అడిగింది ఉషశ్రీ.

"చెప్తే వద్దంటారు కదా."

"అందుకే అడుగుతున్నానండి."

స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు ఒకటి ఉండాలని వీడియోలో చెప్పారు. చరణ్‌తేజ ఆ ముక్క దాటేసి చూశాడు. దాంతో బోల్టు వదులు కాగానే పాత స్ప్రింగు ఒకటి ఎగిరి అతని చెవి పక్కనుంచి పోయి, నీళ్ళ డ్రమ్ముకు సొట్ట పెట్టింది. అతను చెవి తడుముకుని, ఉందని నమ్మకం కుదిరాక, మిగతా పని పూర్తి చేశాడు.

జాకీ దించేసరికి ముందు భాగం అనుకున్నట్టే రెండు వేళ్ళు దిగింది. వెనక భాగం మాత్రం దిగుతూనే ఉంది. దిగి దిగి, బురదలో చతికిలబడ్డ గేదెలా కూర్చుంది. టైరుకూ పైనున్న రేకుకూ మధ్య చెయ్యి దూర్చబోతే వేలు కూడా పట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి సత్తిరాజు పాల ప్యాకెట్టుతో వస్తూ ఆగాడు. రైసుమిల్లులో గుమాస్తా, మావగారి ఊరివాడు. కారు వెనక భాగం వంక చూశాడు, చరణ్‌తేజ మొహం వంక చూశాడు. ఏమిటని మాత్రం అడగలేదు. ఆ ఊళ్ళో ఒకరి అల్లుణ్ణి నిలదీసి అడగడం మర్యాద కాదు.

"ప్రయాణమాండీ?"

"లేదండి. ఊరికే."

"మంచిదండి. దార్లో చెకింగులు గట్టిగా ఉన్నాయండి. కాస్త చూసుకోండి" అని సత్తిరాజు జేబులోంచి ఫోను తీస్తూ వెళ్ళిపోయాడు.

చరణ్‌తేజకు పై ప్రాణాలు పైనే పోయాయి. స్ప్రింగులు మార్చిన కార్లను పోలీసులు పట్టుకుపోతారని ఏదో వీడియో కింద ఎవరో రాయగా చదివిన గుర్తు. ఇప్పుడే పాతవి పెట్టేద్దామని లేచాడు. లేచి, నీళ్ళ డ్రమ్ము సొట్ట చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఆ స్ప్రింగును నొక్కి లోపల కుక్కే ధైర్యం అతనికి ఈ జన్మకు లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మావగారి ఫోను వచ్చింది. "బాబూ, ఆకివీడు గృహప్రవేశానికని బస్టాండుకొచ్చామండి. పొద్దుటి బస్సు రద్దయిందట. ఎలాగూ కారుంది కదా, అందరం అందులోనే పోదాం. ఆటోలో వచ్చేస్తున్నాం."

పాత స్ప్రింగులను ఒక గోనెసంచిలో కట్టి, డిక్కీలోకి నెట్టి మూసేసరికి ఆటో రానే వచ్చింది. హనుమంతరావుగారు దిగారు. చేతుల్లో పెద్ద ఇత్తడి గుండిగ పట్టుకుని అత్తగారు రత్నమాణిక్యం దిగింది. మావగారు కారును చూశారు. చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"గుండిగ డిక్కీలో పెట్టండి" అంది అత్తగారు.

"వద్దండి అత్తయ్యగారూ" అని చరణ్‌తేజ డిక్కీకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. "డిక్కీ... సరిగ్గా తెరుచుకోదండి."

"ఫర్వాలేదు బాబూ. నా ఒళ్ళో పెట్టుకుంటాను" అన్నారు మావగారు, ఎంతో మెల్లగా.

ఆ మెత్తదనమే చరణ్‌తేజను చంపేసింది. తిడితే తిట్టిన చోట పోతుంది. అల్లుణ్ణి తిట్టడం ఆ ఇంటా వంటా లేదు కాబట్టి ఆ కోపమంతా ఎక్కడికి పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. నలుగురూ ఎక్కాక కారు ఇంకాస్త కుంగింది. మొదటి స్పీడు బ్రేకరు మీద పొట్ట గీసుకున్న చప్పుడుకు గుండిగ గంటలా మోగింది.

"నేను కాస్త నడుస్తాను బాబూ. కాళ్ళు పట్టేశాయి" అని రెండో స్పీడు బ్రేకరు దగ్గర మావగారు దిగారు. మూడో దాని దగ్గర అత్తగారూ దిగింది. గణపవరం వెళ్ళేసరికి ముగ్గురూ దిగి నడవడం, అవతల మళ్ళీ ఎక్కడం అలవాటైపోయింది. ఆ తర్వాత రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. ఎదురుగా చేపల లారీ రావడంతో చరణ్‌తేజ పక్కకు తప్పించాడు. కారు పొట్ట ఆ ధాన్యాన్ని గొర్రుతో లాగినట్టు చక్కగా చదును చేసింది. ధాన్యం తాలూకు మనిషి లేచి నిలబడి మరీ చూశాడు.

దారి పొడుగునా మావగారు గుండిగ మీదుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. ఆకివీడు దగ్గర పడుతుండగా అడ్డంగా పెట్టిన డ్రమ్ములు, పోలీసులు కనిపించారు. చరణ్‌తేజ కారు ఆపాడు. ఎస్సై కారు ముందు భాగం వంక చూడనే లేదు. నేరుగా వెనక్కి వెళ్ళాడు. కారు కింద నుంచి ధాన్యపు గింజలు జలజలా రాలాయి.

"డిక్కీ తెరవండి."

చరణ్‌తేజ తాళాల కోసం తడుముకున్నాడు. ఈలోగా హనుమంతరావుగారు గుండిగ సీట్లో పెట్టి, కిందికి దిగి చేతులు కట్టుకున్నారు.

"అయ్యా, అందులో ఉన్నవి నావేనండి. మా అల్లుడుగారికి ఏమీ తెలీదండి. చదువుకున్న మనిషి, ఉద్యోగం ఉంది. ఏం రాసుకున్నా నా పేరు మీద రాసుకోండి."

"రేషన్ బియ్యమేనా?"

"బియ్యమేనండి."

"ఎన్ని బస్తాలు?"

"అది... చూసుకోలేదండి."

అప్పుడు తెలిసింది చరణ్‌తేజకు. వెనక భాగం కుంగిన కారు ఆ చుట్టుపక్కల ఎవరికైనా చెప్పేది ఒక్కటే. సత్తిరాజు ఫోను వెళ్ళింది మావగారికే. ఆయన అల్లుడి మొహం మీద అడగలేక, అల్లుడు బియ్యం దొంగరవాణా చేస్తున్నాడని నమ్మి, ఇంతదూరం భయపడుతూ కూర్చుని, ఇప్పుడు ఆ దొంగతనం తన నెత్తిన వేసుకుంటున్నారు.

కానిస్టేబుల్ డిక్కీలోంచి గోనెసంచి లాగాడు. అది ఖణేల్‌మంది. లోపల స్ప్రింగులు.

"బియ్యం ఎక్కడ దించారు?" ఎస్సై గొంతు మారింది. "మీరే ఒప్పుకున్నారు కదండీ. పెద్దాయన్ని జీపెక్కించండి."

వెనక సీట్లో అత్తగారు ఏడుపు అందుకుంది. ఒప్పుకుంటే మావగారి నమ్మకం పోతుంది. ఒప్పుకోకపోతే మావగారే పోతారు. చరణ్‌తేజ కళ్ళు మూసుకున్నాడు.

"బియ్యం లేవండి. కారు బరువుకు దిగలేదు, నేనే దించాను. ఆ స్ప్రింగులు తీసేసి పొట్టివి పెట్టాను. మావయ్యగారికి చెప్పకుండా పెట్టాను."

ఎస్సై అతని వంక తిరిగాడు. "నడుస్తున్న కారును ఎవరైనా చేతులారా కుంగదీసుకుంటారా? ఇంకో మాట చెప్పండి."

నమ్మించడానికి చివరకు పక్కనున్న రైసుమిల్లు కాటాయే దిక్కయింది. లారీలు తూచే ఆ కాటా మీదికి మనుషుల్నీ గుండిగనూ దించేసి, గోనెసంచితో సహా కారు ఎక్కించారు. హమాలీలంతా పని ఆపి వచ్చారు. కాగితాల్లో ఉన్న బరువుకూ కాటా చూపించిన బరువుకూ తేడా ఆ గోనెసంచిలోని స్ప్రింగులంతే, అయినా కారు వెనక భాగం కుంగే ఉంది. ఎస్సై రెండుసార్లు తూయించాడు. తర్వాత హనుమంతరావుగారికి నమస్కారం పెట్టి, "మీ అల్లుడుగారు నిజమే చెప్పారండి. కాకపోతే బియ్యమైతేనే నయం, దించుకుంటే పోయేది" అన్నాడు.

మిల్లు గోడ నీడలో మావా అల్లుళ్ళు మిగిలారు. చరణ్‌తేజ కారు తాళాలు రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపాడు. ఇప్పుడైనా తిడతారని ఎదురుచూశాడు.

"ఎందుకు దించారు బాబూ?" అన్నారు మావగారు.

"అందంగా ఉంటుందనండి."

హనుమంతరావుగారు కారును ముందు నుంచి చూశారు, పక్క నుంచి చూశారు. తువ్వాలు తీసి బానెట్టు మీది దుమ్ము తుడిచారు. తుడిచి, ఆ తువ్వాలును మడతపెట్టి, అల్లుడి భుజం మీద వేశారు.

"అందంగానే ఉందండి. ఇంక మీరే ఉంచుకోండి" అన్నారు.

మొన్నటిదాకా ఆ మాట వింటే ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు అతనికి ఆ తువ్వాలు బస్తా బరువనిపించింది.

గృహప్రవేశం భోజనాలయ్యాక హనుమంతరావుగారూ రత్నమాణిక్యమూ బస్టాండు దారి పట్టారు. చరణ్‌తేజ కారు దగ్గర తలుపు తెరిచి పట్టుకుని ఉషశ్రీ కోసం చూశాడు.

"దారంతా స్పీడు బ్రేకర్లండి. బండి తేలిగ్గా ఉంటేనే మంచిది" అని ఆమె వాళ్ళ వెనకే బస్సెక్కింది.