బావగారికి కోసిన కిటికీ

ఆ ఆదివారం అర్జునరావు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భార్య ఈశ్వరికి అన్న, తనకి బావ అయిన దుర్గారావు భోజనానికి వచ్చేలోగా తన పెళ్లి ఫోటోకి కొత్త ఫ్రేము కట్టాలి. పాత ఫ్రేము చెక్క మరీ వెడల్పు. ఫోటో అంచులు రెండూ దాని కింద దాగిపోయాయి, కుడి అంచున నిలబడ్డ దుర్గారావుతో సహా. "సెల్లెలి పెళ్లికి నాను రానట్టే కదా!" అని అలిగి ఆయన గాజువాకలోని ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. తొంభైల్లో అంతే, గోడమీద ఫోటోలో ఉన్నవాడే చుట్టం. ఇప్పుడు తలుచుకుంటే ఆ అలకలు కూడా ముద్దొస్తాయి. కానీ అమ్మానాన్నా పోయాక ఈశ్వరికి పుట్టింటి తరఫున మిగిలింది ఆ అన్న ఒక్కడే. ఏడ్చి, బతిమాలి భోజనానికి ఒప్పించింది.

వన్ టౌన్‌లో ఫ్రేములు కట్టే అప్పలసూరి ఫోటోమీద కిటికీలా కోసి పెట్టే మెరూన్ రంగు మౌంటు అట్ట, పదునైన బ్లేడు ఇచ్చాడు. "అట్ట ఎనకేపు గీసి కొయ్యి బాబూ. ముందేపు గీత్తే పెన్సిలు మరకలు పోవు" అన్నాడు.

అర్జునరావు స్టీలు ప్లాంటులో ఫిట్టరు. కొలతల్లో తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం. నడుమ పెళ్లి జంటకి కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కిటికీ, కుడివైపు పైన బావ మొహానికి తామరరేకుల అంచుతో చిన్న కిటికీ. అట్ట వెనక శ్రద్ధగా గీసి, కోసి, తిప్పి ఫోటోమీద పెట్టాడు. తామరరేకులు ఎడమవైపుకి వచ్చాయి. బావ మీసం కోసం చూశాడు. లేదు. ఇంకేమీ చూడలేదు.

అట్టని తలకిందులు చేశాడు. కిటికీ కుడివైపుకైతే వచ్చింది గానీ కిందకి దిగిపోయింది. అందులో బావ కాళ్లు కనిపించాయి.

"ఏటండీ సేత్తన్నారు? అన్నయ్యొచ్చే ఏలయింది!" వంటింట్లోంచి ఈశ్వరి కేకేసింది.

"అయిపోయిందే! మొహం ఒక్కటే తక్కువ."

మళ్లీ వెనకవైపే, మళ్లీ కుడివైపే, ఈసారి మరింత శ్రద్ధగా గీసి కోశాడు. వెనక కుడి ముందుకొచ్చేసరికి ఎడమ అవుతుందని అప్పటికీ తట్టలేదు. ఇంతలో వీధిలో స్కూటరు ఆగింది. కంగారుగా అద్దం బిగించి, మేకుకి తగిలించాక తలెత్తి చూస్తే కొత్త కిటికీ కూడా ఎడమవైపే ఉంది.

దుర్గారావు నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. అర్జునరావు బ్లేడుని వీపు వెనక దాచాడు. దుర్గారావు ఎడమ కిటికీ ముందు ఆగి, కదల్లేదు.

"ఈశ్వరీ! అమ్మే!" అని కేకేశాడు. ఈశ్వరి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

పాత చెక్క కింద ఇన్నాళ్లూ దాగిన ఫోటో అంచున, పందిరి గుంజ చాటునుంచి, చేతిలో విస్తళ్ల కట్టతో, వాళ్లమ్మ పోతమ్మ తొంగి చూస్తోంది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడకి భయం. కెమెరా కనబడితే పారిపోయేది. ఆవిడ బొమ్మ ఒక్కటీ లేదనే ఇన్నేళ్లూ ఇద్దరూ అనుకున్నారు. అన్నాచెల్లెళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. అర్జునరావుకీ కళ్లు చెమర్చాయి.

"ఎక్కడ ఎతికి పట్టావు బావా? అమ్మకి తామరపువ్వు కూడా సెక్కించావు!" దుర్గారావు కళ్లు తుడుచుకుని కుడివైపు కింద ఉన్న కిటికీకేసి చూశాడు. "మరి ఈ కాళ్లెవరివి?"

"నీయే బావా. పెద్దోడివి కదా, దండం ఎట్టుకోడానికి."

దుర్గారావు పొంగిపోయి బావని కావలించుకున్నాడు. కొలతల సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.