ఓటమి ఎరుగని నలభై ఏడో బూత్

ఫౌలాద్‌గఢ్ పార్లమెంటు నియోజకవర్గంలోని నలభై ఏడో నంబరు పోలింగ్ బూత్ రెండువేల నాలుగు వరకూ ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. యాభై ఏడులో మొదలుపెట్టి అప్పటికి పదమూడు ఎన్నికలు జరిగాయి. పదమూడింటిలోనూ ఆ బూత్‌లో ఓటేసే ఖపరా లైన్ కాలనీ వాళ్ళు ఎవరికి ఎక్కువ ఓట్లు వేశారో ఆయనే ఢిల్లీ వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఇటు రాలేదు గానీ, అది బూత్ తప్పు కాదు.

మొదట ఉక్కు కర్మాగారానికి పల్లెల భూములు ఇప్పించిన జమీందారును గెలిపించారు. తరువాత, భూములు పోయినవాళ్ళ తరఫున పోరాడిన కార్మిక నాయకుణ్ణి గెలిపించారు. ఆ తరువాత ఆ కార్మిక నాయకుడి అల్లుణ్ణి గెలిపించారు. ఆయన అప్పటికే కర్మాగారంలో కాంట్రాక్టరు. డెబ్భై ఏడులో దేశమంతటికీ కోపం వస్తే ఖపరా లైన్‌కూ సరిగ్గా అదే రోజున కోపం వచ్చింది. ఎనభైలో దేశంతో పాటే చల్లారింది. ఒకసారి టీవీ సీరియల్లో దేవుడి వేషం వేసినాయన నిలబడ్డాడు. వేదిక మీద ఊరి పేరేమిటని పక్కవాణ్ణి అడిగి, మైకులో ఆ పేరు పలికి, ఈ ఊరితో తనది జన్మజన్మల బంధం అన్నాడు. ఆయన్నీ గెలిపించారు. నియోజకవర్గం పదమూడుసార్లూ పొరబడిందని గిట్టనివాళ్ళు అంటారు. బూత్ మాత్రం పదమూడుసార్లూ సరిగ్గానే చెప్పింది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది రాయపూర్ పత్రికాయన. అది అచ్చయిన మర్నాటి నుంచి ఖపరా లైన్ మామూలు కాలనీగా ఉండటం మానేసింది. ఢిల్లీ నుంచి ఒక ప్రొఫెసరు ప్రశ్నల కాగితాలతో వచ్చి, నలభై రోజులుండి, జంతికల్లాంటి ఇక్కడి ఠేఠ్రీ తినడం నేర్చుకుని, ఇక్కడి ప్రజల్లో ప్రజాస్వామ్య చైతన్యం రక్తంలోనే ఉందని రాసుకుని వెళ్ళాడు. నగరపాలక సంస్థ కాలనీ ముందు సిమెంటు తోరణం కట్టించి, 'దేశపు నాడి ఇక్కడ కొట్టుకుంటుంది' అని రాయించింది. నాడి సరే, కుళాయిలో నీళ్ళు మాత్రం ఇటుక రంగులో వచ్చేవి. పట్టిన గంటకి బిందె అడుగున ఎర్రటి మడ్డి పేరుకునేది. ఫోటోలు తీసేవాళ్ళు తోరణం దగ్గరే ఆగిపోయేవారు కాబట్టి దానివల్ల కాలనీ పేరుకేమీ భంగం కలగలేదు.

సుకవారో బాయి ఆ కాలనీ మనిషి. కర్మాగారం క్యాంటీన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు రొట్టెలు కాల్చి రిటైరైంది. భర్త పోయాడు. పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు ఇప్పటికీ సుఖారామ్ అని మగవాడి పేరుగానే ఉంది. దిద్దించడానికి తిరిగి తిరిగి ఊరుకుంది. అయితే ఆమె అరవై ఏడు నుంచి పదకొండు ఓట్లు వేసింది, పదకొండూ గెలిచాయి. జీవితంలో ఆమె గెలిచినవి అవే. అందుకని వాటిని జాగ్రత్తగా చూసుకునేది.

రెండువేల తొమ్మిది ఎన్నికల్లో చిక్కు వచ్చిపడింది. కుంతీ నేతామ్ నామినేషన్ వేసింది.

కుంతి ఖపరా లైన్ ట్రస్టు దవాఖానాలో నర్సు, కాలనీలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఎర్ర నీళ్ళను సీసాల్లో నింపుకుని మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. పరీక్ష చేయించింది, కోర్టుకు వెళ్ళింది, పిల్లలకైనా మంచినీళ్ళు అందేలా రోజుకొక ట్యాంకరు రప్పించింది. తాను కాకీ, అంటే పిన్నీ, అని పిలిచే సుకవారోకి కామెర్లు ముదిరినప్పుడు ఆమెను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తన చున్నీతో నడుముకు కట్టుకుని, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిందీ ఆ పిల్లే. ఇప్పుడు బకెట్ గుర్తు మీద నిలబడింది. సుకవారో ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నా ఓటు నీదే, నోనీ, నా బిడ్డా. ఇంక చెప్పక్కర్లేదు," అంది. మనస్ఫూర్తిగానే అంది.

కాలనీలో ఎవరిని కదిపినా కుంతి అంతటి మనిషి లేదన్నారు. అదే చిక్కు. మంచి మనిషని అందరికీ తెలుసు. గెలుస్తుందని ఎవరికీ తెలియదు.

ఇలాంటి సందర్భాల కోసమే కాలనీలో 'బూత్ గౌరవ పరిరక్షణ సమితి' ఉంది. దాని అధ్యక్షుడు ధనీరామ్ బంజారే, క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరైనవాడు. అన్నీ పైనుంచి చూసే అలవాటు ఇంకా పోలేదు. ఎన్నికలకు పదిరోజుల ముందు సమితి మనుషులు ఊరంతా తిరిగి ఎవరు గెలుస్తారో విచారించేవారు. షామియానా దుకాణంలో ఏ పార్టీ ఎన్ని కుర్చీలు తీసుకెళ్ళిందో అడిగేవారు, మిఠాయి కొట్టులో ఎవరు ఎన్ని లడ్డూలు చెప్పారో అడిగేవారు. ఊళ్ళో వాళ్ళేమో వీళ్ళని ఆపి, నలభై ఏడో బూత్ ఎటు ఉందని అడిగేవారు. రెండు పక్షాలూ మర్యాదగా ఒకరి సమాధానం కోసం ఒకరు ఎదురుచూసేవారు. ఈ పద్ధతిని ప్రొఫెసరు తన పుస్తకంలో ఎంతో మెచ్చుకున్నాడు.

ఈసారి కుర్చీలూ లడ్డూలూ దీపస్తంభం పార్టీ లోకేంద్ర ప్రతాప్ వైపే ఉన్నాయి. ఎర్ర నీళ్ళ సమస్యపై అధ్యయనానికి ఒక కమిటీ వేయాలా వద్దా అని తేల్చడానికి కమిటీ వేయించినవాడు ఆయనే. కుళాయిల దగ్గర ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారని సమితి అడగలేదు. కుళాయిల దగ్గర కుర్చీలుండవు.

పోలింగుకు రెండురోజుల ముందు తోరణం కింద సభ పెట్టారు. ధనీరామ్ గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! కుంతి మన బిడ్డ. మన బిడ్డకి ఓటెయ్యొద్దని అనడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఒక్కటి ఆలోచించండి. యాభై రెండేళ్ళు మన పెద్దలు కాపాడిన రికార్డు ఇది. ఇది పోతే రేపు మన గుమ్మంలోకి ఏ నాయకుడొస్తాడు? ఏ పత్రికవాడొస్తాడు? దేశం తన నాడి ఎక్కడ చూసుకుంటుంది? అభిమానం వేరు, బాధ్యత వేరు. ప్రేమ కుంతికిద్దాం, ఓటు దేశానికిద్దాం!"

దేశమంటే లోకేంద్ర ప్రతాప్ అని అందరికీ అర్థమైంది.

కుంతి ఆ సభలోనే వెనక నిలబడి ఉంది. ఏమైనా మాట్లాడతావా అని ధనీరామ్ మర్యాదగానే అడిగాడు. "ట్యాంకరు రేపు ఆరింటికే వస్తుంది. బిందెలు ముందే పెట్టుకోండి," అని ఆమె వెళ్ళిపోయింది.

పోలింగు రోజున సుకవారో ఉతికిన చీర కట్టుకుని, బకెట్‌కే వెయ్యాలని నిశ్చయించుకుని వెళ్ళింది. వరుసలో గంటసేపు నిలబడింది. యంత్రం ముందుకు వెళ్ళాక, కుంతికి ఎలాగూ కాలనీ అంతా వేస్తుంది కదా, నా ఒక్కదానితో పోయేదేముంది, రికార్డు కోసం కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా అనిపించింది. పన్నెండో ఓటు ఓడిపోతే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలుసుకునే వయసూ కాదు. వేలు బకెట్ దగ్గర కాసేపు ఆగి, కిందకి జారి, దీపస్తంభం నొక్కింది. యంత్రం కూత పెట్టింది. బయటికొచ్చి చూస్తే కుంతి ఎండలో నిలబడి ముసలివాళ్ళకి నీళ్ళు ఇస్తోంది. సుకవారో దాహం లేదని చెప్పి చుట్టుదారిన ఇంటికి పోయింది.

ఫలితాలు వచ్చాయి. లోకేంద్ర ప్రతాప్ గెలిచాడు. నలభై ఏడో బూత్‌లో ఆయనకు ఎనిమిదివందల మూడు ఓట్లు, కుంతికి ఒకటి. మిగతా పదకొండు ఓట్లు కంటిచూపు లోపం వల్ల వేరే గుర్తులకు దారితప్పాయని సమితి విచారణలో తేలింది. పద్నాలుగుకు పద్నాలుగు! బాణాసంచా కాల్చారు. రాయపూర్ పత్రిక తోరణం ఫోటో మళ్ళీ వేసింది.

ఆ వారంలో ఖపరా లైన్ వాళ్ళు మూడువందల మంది, ఎవరూ చూడకుండా, విడివిడిగా కుంతి దగ్గరకు వెళ్ళి ఆ ఒక్క ఓటూ తమదేనని చెప్పారు. ధనీరామ్ తన భార్యను పంపించాడు. సుకవారో నాలుగు రోజులు ఆగి, ట్యాంకరు దగ్గర కుంతి ఒంటరిగా దొరికినప్పుడు వెళ్ళి, గొంతు తగ్గించి అంది.

"నోనీ, ఆ ఒక్కటీ..."

"నాది, కాకీ," అంది కుంతి. "నా ఓటు నేనే వేసుకున్నా."

సుకవారో బిందెను ట్యాంకరు కిందకి జరిపింది. కుంతికి కోపం లేదు. పైపు ఆమె బిందెలో పెట్టి, మామూలు గొంతుతోనే చెప్పింది. "మొత్తం మీద ఎంత తేడాతో పోయానో చూశావా? ఆరువందల పన్నెండు. మిగతా బస్తీల్లో ఆడవాళ్ళు బాగా వేశారు. మన ఒక్క బూత్ వాళ్ళు నాకేసుంటే చాలు, నేను గెలిచేదాన్ని. మీ రికార్డూ నిలిచేది."

సుకవారో వేళ్ళు ముడిచి లెక్క చూసుకోబోయి మానేసింది.

"నువ్వు గెలుస్తావని ముందే తెలిసుంటే నీకే వేసేవాళ్ళం కదే, తల్లీ."

కుంతి బిందె ఎత్తి ఆమె చంకలో పెట్టింది.

ఆరు నెలలకు ట్రస్టు దవాఖానా మూతపడింది. కుంతికి జగదల్‌పూర్‌లో ఉద్యోగం దొరికింది. ఆమె వెళ్ళేరోజున సమితి వీడ్కోలు సభ ఏర్పాటు చేసి, శాలువా కప్పి, కొబ్బరికాయ చేతికిచ్చింది. ధనీరామ్ మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇలాంటి మనిషి పార్లమెంటులో ఉండాలి!" అన్నాడు.

ముందు వరుసలో ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు. పక్కాయన అందుకున్నాడు. సుకవారో బాయి అటూ ఇటూ చూసి, సగం మందికి పైగా కొడుతున్నారని రూఢి చేసుకున్నాక, తానూ చప్పట్లు కొట్టింది.