నిమ్మరసం రాని దీక్ష

ఒక పెద్ద అడవిలో, ఈ చివర పులి తుమ్మితే ఆ చివర కుందేలుకు నిద్ర కూడా చెడనంత పెద్ద అడవిలో, ఉద్యమాలు నడపడంలో తనను మించినవాడు లేడని గుంటయ్య నక్క చెప్పుకునేవాడు. అప్పటిదాకా వాడు నడిపిన ఉద్యమమల్లా ఒక్కటే. అందులో అరిచిందీ వాడే, ఆ అరుపుకు బెదిరి పారిపోయిందీ వాడే.

ఆ అడవిని మాంసం పార్టీ ఏలుతోంది. నాయకుడు మచ్చలరాయుడనే చిరుతపులి. మడుగు గట్టున వేట ఆపాలంటూ గడ్డి పార్టీ వాళ్లు ఆయన గుహ ముందు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఎదుటి పార్టీ నిమ్మరసం ఇచ్చేదాకా లేవకూడదు, అదీ నియమం.

రాయుడు బెంబేలెత్తాడు. "ఇవి చిక్కి శల్యమైతే రేపు నేను తినేదేమిటి?" అని తనే నిమ్మరసం పట్టుకొచ్చి, గట్టున వేట మానేస్తానని ఒప్పుకున్నాడు.

పొద మాటున కూర్చుని దీక్షంతా చూసిన గుంటయ్య ఎగిరి గంతేశాడు. "ఇంత సులువా! దొరా, మనమూ కూర్చుందాం. వాళ్ల వేలితో వాళ్ల కన్నే పొడుద్దాం. గట్టు మళ్లీ మనదే!"

"కుదిరితే నీకు మంత్రి పదవి. కుదరకపోతే నా మొదటి ముద్ద నువ్వే," అన్నాడు రాయుడు.

గడ్డి పార్టీ చేసినవాటిలో గుంటయ్య ఏదీ వదల్లేదు. టేకాకుల పందిరి, మెడలో పూలదండలు, "మొండి వైఖరి నశించాలి!" అన్న అదే నినాదం. నోట్లో ఏమీ లేకపోయినా దవడలు ఆడిస్తూనే ఉండాలన్నాడు. "వాళ్లూ అట్లాగే చేశారు దొరా." తోడేళ్లు, దుమ్ములగొండ్లు బుద్ధిగా గాలి నమిలాయి.

గడ్డి పార్టీ నాయకురాలు దుప్పెమ్మ పిల్లాపాపలతో వచ్చి సంఘీభావం తెలిపింది.

"ఎంత త్యాగం రాయుడన్నా! మా పిల్లలు అడవంతా హాయిగా తిరుగుతున్నారు. ఆమరణమేగా?"

"నిమ్మరసం తెచ్చావా అక్కా?" గుంటయ్య గొంతు పీలగా వచ్చింది.

"చెట్టు ఇప్పుడే పూతకొచ్చింది తమ్ముడూ, కాయనీ. మీలాంటి వాళ్లకు పిందెలు పిండిస్తే మాకేం మర్యాద?"

అని అక్కడే చతికిలబడి, కళ్లు అరమోడ్చి, దవడలు ఆడించసాగింది.

అప్పటికే రాయుడి పక్కటెముకలు బయటపడ్డాయి. "ఒరేయ్ గుంటా, ఈవిడ దీక్షలో లేదుగా? దవడలెందుకు ఆడిస్తోంది?"

గుంటయ్య నేలచూపులు చూశాడు. "నేనూ ఇప్పుడే కనుక్కున్నా దొరా. దాన్ని నెమరంటారట. అప్పుడు వాళ్లు పొట్టనిండా మేసొచ్చి మరీ దీక్షకు కూర్చున్నారు. నేనేమో... మంత్రం అనుకున్నా."

రాయుడు పంజా ఎత్తబోయాడు. ఓపిక లేక దించేశాడు.

"చూశారా దొరా," అన్నాడు గుంటయ్య, "దీక్ష వల్ల ఒక ప్రాణమైనా దక్కింది."

నీతి: ఎదుటివాడి ఉద్యమాన్ని ఎత్తుకురావచ్చు, వాడి పొట్టను ఎత్తుకురాలేం.